ఇందులో నీళ్ళు పోయరాదు

"ముందు దాన్ని నా వరండాలోంచి తీసెయ్యి," అంది రూతు.

కోడలు వినిపించుకోలేదు. పాత పేపర్లు పరిచి, వాటిమీద కారు బ్యాటరీ పెట్టుకుని, దాని ముందు మఠం వేసుకుని కూర్చుంది. కారు వేళంగి దగ్గర కాలవగట్టు మీద ఆగిపోయి, ఎవరిదో ట్రాక్టరు వెనకాల తాడు కట్టించుకుని రామచంద్రపురంలో ఇల్లు చేరి గంట కూడా కాలేదు. గేటు లోపల బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది, పన్ను పీకించుకోడానికి నోరు తెరిచిన మనిషిలా.

శ్యాంబాబు కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆఫీసు బట్టలైనా మార్చుకోకుండా భార్య చుట్టూ తిరుగుతున్నాడు.

"చెప్పానా లేదా?"

"మీరు చాలా చెప్పారు. ఏది?" అంది ప్రిస్కిల్లా.

"బ్యాటరీ అంటే బరువుండాలని. రెండు చేతుల్తో ఎత్తాలి, నడుం పట్టెయ్యాలి. నువ్వు క్యారేజీ పట్టుకెళ్ళినట్టు ఒంటిచేత్తో పట్టుకెళ్ళి బిగించావ్. ఆ రోజే అనుకున్నాను."

"ఆ బరువు సీసానిదండి. కరెంటుకి బరువుండదు."

"అవునవును. బండి నడపడం రాని మనిషి బండికి బ్యాటరీ చేసింది. ఆగక ఏమవుతుంది?"

ఈ మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. నెల రోజులుగా నవ్వుతూ అంటున్నదే. ఇవాళ నవ్వు తీసేసి అన్నాడు, అంతే తేడా.

ప్రిస్కిల్లా కాకినాడలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటుంది. ఆమె చేసిన బ్యాటరీలో సీసం లేదు, యాసిడ్ లేదు. గ్లాసంతేసి సూపర్ కెపాసిటర్లు ఆరు, పక్కన చిన్న లిథియం సెల్స్ కట్ట, పైన ఒక పచ్చ బోర్డు. "కెపాసిటర్లు పరుగుపందెం వాళ్ళు మావయ్య గారూ. సెల్ఫ్ కొట్టగానే ఒక్క ఉరుకు ఉరికి ఇంజను లేపుతారు. లిథియం వాళ్ళు నడక మనుషులు. లైట్లూ హారనూ వాళ్ళు చూసుకుంటారు," అని మావగారు చిట్టియ్యకి చెప్పింది. అద్దె కారు నడిపే ఆయన ఆ మాట కారెక్కిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. దారిన పోయేవాళ్ళని పిలిచి బానెట్ ఎత్తి చూపించాడు. చంటిపిల్లంత బరువు లేదు చూడండి అన్నాడు.

ఇప్పుడు ఆయన వరండా చివర కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కోడలి పని చూస్తున్నాడు.

ప్రిస్కిల్లా మీటరు పెట్టి చూసింది. సూది లేవలేదు. పైనున్న పసుప్పచ్చ మూతలు తిప్పి తీసింది. డబ్బాని పక్కకి ఒంచింది.

నీళ్ళు కారాయి.

బొట్లు కాదు. గ్లాసెడు, ఇంకో గ్లాసెడు, పేపర్లు తడిసి, గచ్చు మీదుగా పాకి శ్యాంబాబు బూటుదాకా వెళ్ళాయి. అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నీళ్ళెక్కడివి?" అంది ప్రిస్కిల్లా.



డబ్బా మాత్రం పాత బ్యాటరీదే. చచ్చిపోయిన బ్యాటరీ డబ్బాని కడిగి, సోడా ఉప్పుతో మళ్ళీ కడిగి, అందులో తన సామానంతా అమర్చింది. ఆ ఆలోచన మావగారిదే. "ప్లాస్టిక్కు డబ్బాలో పెడితే బండికి పరువు తక్కువమ్మా. బ్యాటరీ బ్యాటరీలా ఉండాలి," అన్నాడు. మూతలు అందుకే ఉండిపోయాయి. మూతల పక్కన తెల్ల పెయింటుతో రాత కూడా ఆయనదే. కుర్రతనంలో చిట్టియ్య బోర్డులు రాసి బతికాడు. గుడి గోడ మీద బైబిలు వాక్యాలు ఇప్పటికీ ఆయన చేతివే. ఆ చేత్తోనే సన్నకుంచె పట్టుకుని గుండ్రంగా రాశాడు: ఇందులో నీళ్ళు పోయరాదు.

ఆ అక్షరాల మీదుగా నీటి చార ఒకటి జారి ఎండిపోయి ఉంది.

"కడిగినప్పుడు పడుంటాయి," అన్నాడు శ్యాంబాబు.

"కడిగితే మూతలు వాటంతట అవే తెరుచుకుంటాయా? ఎవరో తీసి, పోసి, మళ్ళీ బిగించారు."

"అంటే ఎవరు? నేనా?"

"మీరన్నానా?"

"అమ్మా, నువ్వు పోశావా?"

"నేనెందుకు పోస్తాన్రా? నాకు దానికి ముందేదో వెనకేదో తెలీదు," అంది రూతు.

"అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం," అన్నాడు శ్యాంబాబు.

చిట్టియ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు. వంగి తన రాతని వేలితో తుడిచాడు. ఆయన మొహంలో కోపం నిజంగానే ఉంది.

"దొరబాబు షెడ్డులో పోశారమ్మా. మొన్న టైరు మార్పించాను కదా. ఎవడో పనిమంతుడు బానెట్ ఎత్తి, మర్యాద చేద్దామని పోసేశాడు. రాసింది కూడా చూడలేదు చూడు. రేపు వెళ్ళి వాడి సంగతి తేలుస్తాను."

"వెళ్ళండి నాన్నగారూ. లోకంలో అందర్నీ అడగండి. బ్యాటరీ మాత్రం మామూలుది పెట్టండి," అన్నాడు శ్యాంబాబు.

"అమ్మాయి బ్యాటరీకి ఏం తక్కువరా? నీళ్ళు పోస్తే నువ్వు మాత్రం బతుకుతావా, ముక్కులోంచి?"

ఆ ఇంట్లో ఆమె పక్షాన మాట్లాడింది ఆయనొక్కడే. ప్రిస్కిల్లాకి ఆ మాటకి కళ్ళు చెమర్చాయి. కనపడకుండా డబ్బాలోకి తొంగి చూసింది. పచ్చ బోర్డు మీద రాగి గీతలు నీలంగా తిరిగాయి. ఒక కెపాసిటరు పొట్ట ఉబ్బింది. వచ్చే సోమవారం ప్రిన్సిపాల్ గారు కాలేజీకి తెచ్చి చూపించమన్నారు. చూపించడానికి ఇక ఇదే ఉంది.

*

వంటింట్లో రూతు బీరకాయ చెక్కు తీస్తోంది. ప్రిస్కిల్లా చేతులు కడుక్కుని, పక్కన పీట వాల్చుకుని రెండో కాయ అందుకుంది. కాసేపు ఇద్దరూ చెక్కు తీశారు.

"ఆయనే పోశారు," అంది రూతు, తలెత్తకుండా.

ప్రిస్కిల్లా చెయ్యి ఆగింది.

"ఎప్పుడు?"

"శనివారం సిద్ధపాటులో."

సిద్ధపాటు ఆ ఇంటి పాత అలవాటు. ఆదివారం గుడికి శనివారం సాయంత్రమే అన్నీ సిద్ధం కావాలి. బట్టలు ఇస్త్రీ, చెప్పులకి పాలిష్, బైబిలు గుడ్డసంచిలో, కీర్తనల పుస్తకం దాని పక్కన. చిట్టియ్య కారు కడుగుతాడు. అద్దాలు తుడుస్తాడు. చివర్లో బానెట్ ఎత్తి, నీలం క్యానులోంచి బ్యాటరీ నీళ్ళు పోస్తాడు. అద్దె కారు నడపడం మొదలెట్టినప్పటినుంచీ ఆ వరస మారలేదు. ప్రిస్కిల్లా బ్యాటరీ వచ్చాక ఆ చివరి పని ఒక్కటీ ఆపాడు. నాలుగు వారాలు ఆపాడు కూడా.

"నేను మెట్టు మీద కూచుని బియ్యం ఏరుతున్నాను. కడిగారు, తుడిచారు, క్యాను తెచ్చి పోశారు. నువ్వే పొయ్యమన్నావేమో అనుకున్నా."

"నిజం చెప్పండి అత్తయ్య గారూ."

రూతు బీరకాయ ముక్కలు గిన్నెలో వేసింది. నీళ్ళు పోసింది. అవసరం లేకపోయినా మళ్ళీ కడిగింది.

"అనుకోలేదు. వద్దని అరుద్దామని నోటిదాకా వచ్చింది. అరిస్తే, మొన్న గుళ్ళో అయింది కూడా ఇదేనని తేలిపోతుందని భయమేసింది."

గుళ్ళో జరిగింది ప్రిస్కిల్లాకి గుర్తుంది. అప్పుడు దాన్ని అలా అనుకోలేదు, అంతే. కీర్తన ఎత్తడం చిట్టియ్య పని. ఆ ఆదివారం కీర్తన అయిపోయి అందరూ కూర్చున్నాక, ఆయన నిలబడే ఉండి అదే కీర్తన మొదటినుంచీ ఎత్తుకున్నాడు. పాస్టరు అయ్యగారు ఒక్క క్షణం చూసి తనూ గొంతు కలిపారు. సంఘం లేచి రెండోసారి పాడింది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు, ఇక్కడ భక్తి ఎక్కువ అనుకుని ఉంటారు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది ప్రిస్కిల్లా.

"తెలీదు. ముందు కళ్ళజోడు కనపడలేదన్నారు. తర్వాత గేటు గొళ్ళెం వెయ్యడం మరిచారు. ఒకరోజు నన్ను చూసి, రూతు ఏదీ అన్నారు. వేళాకోళం అనుకుని, చచ్చిపోయింది అన్నాను. నవ్వారు. నవ్వేసరికి నిజంగా వేళాకోళమే అని సర్దుకున్నాను."

"ఈయనకి తెలుసా?"

"వాడికి తెలిస్తే ఆ పూటే తాళం లాక్కుంటాడు. బండి లేకపోతే ఆయనేం చేస్తారు? గోడ చూస్తూ కూర్చుంటారు. మా నాన్న అలాగే పోయాడు, పని మానిపించిన ఏడాదికి."

"కారులో డయాలసిస్‌కి వెళ్ళే సంపూర్ణమ్మ గారుంటారండి."

"దారి మర్చిపోలేదు కదా. బ్రేకు మర్చిపోలేదు. నీళ్ళేగా."

"నీళ్ళు పోసింది కూడా మర్చిపోయారు. అదీ భయం. దొరబాబు గారి మీదకి వెళ్తానంటున్నారు. అది నాటకం కాదత్తయ్య గారూ, మొహం చూశారుగా."

రూతు కత్తిపీట పక్కన పెట్టింది. మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది.

"నీ బ్యాటరీ ఇంకోటి చేసుకోగలవు. నాకు మొగుణ్ణి ఇంకోణ్ణి చేసిపెడతావా?"

ప్రిస్కిల్లా బీరకాయ పూర్తిగా చెక్కు తీసి, గింజల దాకా తీసేసి, ఇంకా తీస్తూనే ఉంది.

*

"చిట్టియ్యా, ఉన్నావా?"

గేటు బయట బండి ఆగింది. గణేష్‌బాబు సంపూర్ణమ్మ కొడుకు. వయసులో శ్యాంబాబు కన్నా చిన్నవాడు. అయినా ఆ వీధివాళ్ళు ఆయన్ని మీరు అంటారు, ఆయన వాళ్ళని నువ్వు అంటాడు. అది ఎప్పటినుంచో అంతే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్నా పైకి అనరు.

చిట్టియ్య లేచి నిలబడ్డాడు. "రండి బాబూ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. అమ్మకి కళ్ళు తిరిగిపోయాయి. డయాలసిస్ చేయించుకున్న మనిషిని ఎండలో కాలవగట్టు మీద కూర్చోబెట్టావ్."

"అమ్మగారికి వికారంగా ఉందంటే బండి ఆపానండి. నీడ చూసి ఆపాను. మళ్ళీ సెల్ఫ్ కొడితే అందుకోలేదు. ఎలా ఉందండి ఇప్పుడు?"

"పడుకుంది. ఇది నీ తప్పా, బండి తప్పా? అది చెప్పు ముందు."

వరండాలో నలుగురు ఉన్నారు. రూతు కొంగు నోటి దగ్గర పెట్టుకుంది. శ్యాంబాబు నీళ్ళు నమిలాడు. భార్యని ఇంట్లో అనడానికి వచ్చిన నోరు, బయటివాడి ముందు అనడానికి రాలేదు. అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

"మావయ్య గారిది కాదండి," అంది ప్రిస్కిల్లా. "బ్యాటరీ నేను చేశాను. పైన మూతలు అతికించెయ్యాలి. అతికించలేదు. లోపలికి నీళ్ళు దిగాయి. తప్పు నాది."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే అంత తొందరగా వచ్చింది నోట్లోంచి.

రూతు కొంగు వదిలేసింది.

"చదువుకున్నదానివి, ప్రయోగాలు కాలేజీలో చేసుకోవాలి. మా అమ్మ మీదా?" అన్నాడు గణేష్‌బాబు.

"అమ్మాయినేం అనకండి బాబూ," అన్నాడు చిట్టియ్య. ఆయన గొంతు పెరిగింది. పెరగడం ఆ ఇంట్లోవాళ్ళు ఎప్పుడోగాని వినలేదు. "దొరబాబు షెడ్డులో ఎవడో పోశాడండి. ఈ పిల్ల చేసిన వస్తువుకి వంక లేదు. నెల రోజులు మీ అమ్మగారిని తీసుకెళ్ళి తీసుకొచ్చింది, ఒక్క కొట్టుడుకి అందుకునేది."

గణేష్‌బాబు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఎవడు పోస్తే నాకెందుకు? వేరే కారు మాట్లాడదామంటే అమ్మ వినదు. సూది పొడిచేటప్పుడు చిట్టియ్య పక్కన ఉండాలట, కబుర్లు చెప్పాలట. శుక్రవారం మామూలు బ్యాటరీ ఉంటేనే రా. ఇంకోసారి దారిలో ఆగిందంటే అమ్మ విన్నా వినకపోయినా నేను వేరే కారు పెడతాను."

"ఆయ్, అలాగేనండి."

బండి వెళ్ళిపోయింది. చిట్టియ్య కోడలి దగ్గరికి వచ్చి, తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ మీద వేసుకోవడం ఎందుకమ్మా, చెయ్యని తప్పు?"

ప్రిస్కిల్లా గచ్చు మీద తడి పేపర్లు ఏరడం మొదలుపెట్టింది. అత్తగారి వైపు మాత్రం చూడలేదు.

*

బుధవారం దొరబాబే వచ్చాడు. సీసం బ్యాటరీ రెండు చేతుల్తో పొట్టకి ఆనించుకుని, ఒగురుస్తూ. ఆయనకీ చిట్టియ్యకీ స్నేహం, ఇద్దరికీ మీసాలు రానప్పటిది. పొద్దున్నే చిట్టియ్య షెడ్డుకి వెళ్ళి పదిమందిలో అడిగేశాడు.

దొరబాబు బ్యాటరీ బిగించాడు. పానా గుడ్డతో తుడుచుకున్నాడు.

"చిట్టియ్య గారూ, మా కుర్రాళ్ళు మీ బానెట్ ఎత్తలేదు. టైరు మార్చడానికి బానెట్ ఎందుకండి?"

"ఎవడో ఎత్తాడు."

"ఎత్తాడే అనుకుందాం. పైన అంతలేసి అక్షరాలున్నాయి. మీ రాత. ఊళ్ళో మీ రాత చదవలేనివాడు ఎవడున్నాడు?"

"నేననేదీ అదే కదా. చదివి కూడా పోశాడంటే వాడికి బుద్ధుందా?"

దొరబాబు చూపు చిట్టియ్య మీంచి రూతు మీదకి, రూతు మీంచి ప్రిస్కిల్లా మీదకి తిరిగింది. ప్రిస్కిల్లా తీగ మీద బట్టలు తీస్తోంది. ఎండని బట్టలు కూడా తీసేసింది.

"సరేనండి," అన్నాడు దొరబాబు చివరికి. "మా షెడ్డులోనే పోశారనుకోండి. ఇన్నేళ్ళ స్నేహానికి గ్లాసెడు నీళ్ళు అడ్డమా?"

మాట మంచిదే. కానీ కాఫీ తాగమంటే తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం శ్యాంబాబు బ్యాటరీని చూసి తృప్తి పడ్డాడు. రెండు చేతుల్తో ఒకసారి కదిపి చూశాడు.

"ఇదీ బ్యాటరీ అంటే," అన్నాడు.

"మీ నాన్నగారికి నడుం ఆపరేషను అయింది. తుడవడానికి దించినప్పుడల్లా, మార్చినప్పుడల్లా ఎత్తలేకపోతున్నారనే అది చేశాను," అంది ప్రిస్కిల్లా.

"నేనెత్తుతాను."

"శనివారం మీకు ఓవర్‌టైము."

"నీకేంటి, బ్యాటరీ పోయిందని బాధా, నేను ముందే చెప్పానని బాధా?"

ఆమెకి రెండూ కావు. మూడోది చెప్పడానికి నోరు తెరిచింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్కడ రూతు చెవులు రిక్కించి నిలబడిందని ప్రిస్కిల్లాకి గోడ ఇవతలినుంచే తెలిసింది.

"రెండూ," అంది.

వంటింట్లో గిన్నెలు మళ్ళీ మోగాయి.

*

శుక్రవారం పొద్దున్న ప్రిస్కిల్లా కాలేజీ బస్సుకి తయారై వరండాలో చెప్పులు వేసుకుంటోంది. భుజానికి సంచి, సంచిలో ఎండబెట్టిన పచ్చ బోర్డు. ల్యాబ్‌లో మళ్ళీ సోల్డరింగు చేసి చూడాలని. బతకదని తెలుసు, అయినా.

చిట్టియ్య తెల్లచొక్కా వేసుకుని కారు దగ్గర ఉన్నాడు. సీసం బ్యాటరీ వచ్చాక ఆయనకి పాత పని తిరిగొచ్చింది. నీలం క్యాను తెచ్చాడు. ఒక్కో మూతా తిప్పి, గీత దాకా చూసి, జాగ్రత్తగా పోశాడు. ఒక్క చుక్క బయటపడలేదు. మూతలు బిగించాడు, తుడిచాడు, బానెట్ దించాడు. ఆ పని చూస్తుంటే ప్రిస్కిల్లాకి గుండెలో బరువు కొంత తగ్గింది. చేతికి పని గుర్తుంది. ఇలాంటి బ్యాటరీ ఉన్నన్నాళ్ళూ ఆయన తప్పు చెయ్యడు. ఆ మాటకొస్తే ఊళ్ళో పాత కార్లన్నిటికీ నీళ్ళు పోసే బ్యాటరీలే ఉన్నాయి. తప్పు నిజంగా తన బ్యాటరీదేనేమో అనుకుంది. అలా అనుకోవడం హాయిగా ఉంది.

"ఏవండీ, కాఫీ," అంది రూతు లోపల్నుంచి.

చిట్టియ్య లోపలికెళ్ళి కాఫీ తాగి వచ్చాడు. డ్రైవరు వైపు తలుపు తీశాడు. ఆగాడు. ముందుకొచ్చి బానెట్ వైపు చూశాడు. మళ్ళీ ఎత్తాడు.

మళ్ళీ నీలం క్యాను అందుకున్నాడు.

"మావయ్య గారూ," అంది ప్రిస్కిల్లా.

"ఒక్క నిమిషమమ్మా. నీళ్ళు పొయ్యడం మర్చిపోయాను. మొన్నటిలా దారిలో ఆగితే గణేష్‌బాబు గారు ఊరుకోరు."

మొదటి మూత తీశాడు. పోశాడు. నీళ్ళు పైకి పొంగి, క్లాంపు మీదుగా, ఇనుప తట్ట మీదుగా కారి ఆయన చెప్పుల మీద పడ్డాయి. యాసిడ్ కలిసిన నీళ్ళు. కాలికి చురుక్కుమని ఉంటుంది. ఆయన కాలు వెనక్కి తీసుకుని, చెప్పు వైపు చూశాడు, క్యాను వైపు చూశాడు. క్యానులో నీళ్ళు అడుగున మాత్రమే ఉన్నాయి.

"ఎవరో ముందే నిండా పోశారే," అన్నాడు.

ప్రిస్కిల్లా సంచి దించి మెట్టు మీద పెట్టింది. గుమ్మంలో రూతు కాఫీ గ్లాసుతో నిలబడిపోయింది.

చిట్టియ్య చొక్కా చేతి అంచు చూసుకున్నాడు. తడిగా ఉంది. రెండో చేత్తో తడిమి చూసుకున్నాడు. ఆ పని చాలాసేపు చేశాడు.

"ఇందాక నేనేనా?" అన్నాడు.

రూతు గ్లాసు గుమ్మం పక్కన పెట్టింది.

"మొన్న శనివారం కూడా నేనేనా అమ్మా?"

"ఎవరూ పొయ్యలేదండీ," అంది రూతు గబగబా. "షెడ్డులో పోశారు. దొరబాబు గారు ఒప్పుకున్నారు కదా. మీకు టైమవుతోంది, బయల్దేరండి. సంపూర్ణమ్మ గారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తుంటారు."

చిట్టియ్య భార్య వైపు చూడలేదు. కోడల్నే చూస్తున్నాడు. జవాబు ఎవరి దగ్గరుందో ఆయనకి తెలిసినట్టే ఉంది. కుడిచేతిలో కారు తాళం, గుత్తికి చిన్న రేకు శిలువ. జేబులో ఫోను మోగింది. సంపూర్ణమ్మ గారే. మోగి మోగి ఆగిపోయింది.

ప్రిస్కిల్లా మెట్లు దిగింది. కారు ముందు, నీళ్ళు కారి తడిసిన చోట నిలబడింది. వెనక రూతు "అమ్మాయ్" అన్నది వినపడింది. వినపడ్డా తిరగలేదు.

తాళం కోసం చెయ్యి చాపింది.

చిట్టియ్య ఆ చేతివైపు చూశాడు. ఎంతో మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, "నీకు బండి నడపడం రాదు కదమ్మా," అన్నాడు.

"రాదు మావయ్య గారూ," అంది ప్రిస్కిల్లా. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.